ఏడుగురు మరుగుజ్జులు - ఒక గీతల పాఠము

కాగితమును, పెన్సిలును, రబ్బరును దగ్గర నుంచుకొనియుందురని తలంచెదము. నేలపై కూర్చుండువారు ఒడిలో నొక అట్ట పెట్టుకొనుట మేలు.

పోయినసారి మేమొక పొరపాటు చేసితిమి. "ఇదిగో, ఇక్కడినుండి ఇక్కడికి గీయుడు" అనుచు బల్లపై వ్రేలితో చూపితిమి. అద్దమున కావలనున్న ఇంజనీరు నవ్వువరకు, మా వ్రేలు మీకు కనబడదన్న సంగతి మాకు స్ఫురింపలేదు. పిదప ఒక తల్లి జాబు వ్రాసిరి. వారి పదేండ్ల కుమారుడు ఏడుగురికిని ఒకే ముఖము వచ్చుచున్నదని కాగితములు చింపివైచి, ఇక బొమ్మల జోలికి పోనని కూర్చున్నాడట. తప్పు మాది. నేడు గడియారపు ముఖమును ఆధారము చేసికొని చెప్పెదము.

గ్రిమ్ సోదరులు 1812లో ప్రకటించిన కథలో ఈ మరుగుజ్జులకు పేర్లు లేవు. 1937 డిసెంబరు 21న లాస్ ఏంజిలిస్‌లో తొలిసారి ప్రదర్శింపబడిన వాల్ట్ డిస్నీ చలనచిత్రములో డాక్, గ్రంపీ, హ్యాపీ, స్లీపీ, బాష్‌ఫుల్, స్నీజీ, డోపీ అని పేర్లు పెట్టిరి. ఒక్క డాక్ పేరు తప్ప తక్కినవన్నియు స్వభావములే. ఎందరో చిత్రకారులు గీసినను బొమ్మ మారకుండుటకై ప్రతి పాత్రకు నమూనా పత్రము నొకటి తయారుచేసి ఎదుట నుంచుకొనెడివారు.

మొదట గుండ్రని తల. 12 నుండి 6 వరకొక గీత, 9 నుండి 3 వరకొక గీత, మిక్కిలి తేలికగా. నిమ్మకాయకు చుట్టిన దారమువలె ఈ గీతలు కొంచెము వంగవలెను. అపుడే తల బిళ్లవలె గాక ఉండవలె నుండును. రెండును కలిసినచోట కుంకుడుకాయవంటి ముక్కు. దానికి పైన కన్నులు, క్రింద గడ్డము. తలపై వేరుసెనగల పొట్లమును బోర్లించి కొన వంచినచో టోపీ యగును. మొండెము పిండిమూట: పైన సన్నము, క్రింద బరువు. తలతో కలిపి మొత్తము మూడు తలల ఎత్తు చాలును.

ఇంతవరకు ఏడుగురును ఒక్కటే. ఆ బాలుడు ఇక్కడనే ఆగిపోయెను. ఇక మార్చవలసినవి కనుబొమలు. 10 నుండియు, 2 నుండియు ముక్కువైపు దిగజార్చుడు; అతడే గ్రంపీ. చేతులు కట్టించుడు, కోపము నిలుచును. బుగ్గలను పెంచి కన్నులను పైకి నెట్టినచో హ్యాపీ. ఇతని కనుబొమలు తెల్లనివి. స్లీపీ కనుబొమలను మిక్కిలి పైకెత్తవలెను. నిద్ర ఆపుకొనువాడు రెప్పలు నిలుపుటకై పడు ప్రయాస అది. రాత్రి చదువుకు కూర్చున్న మీ పిల్లలను చూడుడు, తెలియును. స్నీజీకి ముక్కు క్రింద అడ్డముగా ఒక వ్రేలు. బాష్‌ఫుల్ తల వంచి, ఓరగా పైకి చూచును. డాక్‌కు కండ్లజోడు, పెద్దరికము గనుక ఛాతీ ముందుకు.

డోపీ సంగతి వేరు. గడ్డము లేదు, మాట లేదు. చెవులు పెద్దవి, చేతులు కప్పివేయునంత పొడవైన అంగీ. ఇతనిని తక్కినవారికంటె ముందుగా గీయుటకు పిల్లలు ఉబలాటపడుదురు, గీయనిండు.

వరుస కూర్చునపుడు కంచె గుంజలవలె నిలువబెట్టరాదు. ఒకరి భుజము వెనుక మరొకరి టోపీ కొన, ఒకరి పొట్ట వెనుక మరొకరి మోచేయి ఉండవలెను. మరుగుపడు భాగమును కూడ తేలికగా గీసి, పిదప తుడిచివేయుడు. లేనిచో వెనుకవాని కాలు ఎవరికి చెందినదో తెలియదు. డోపీ చివర నుండును. నడకలో అడుగు కలుపుకొనుటకై అతడు వేయు చిన్న గెంతును ఫ్రాంక్ థామస్ అను చిత్రకారుడు చేర్చెను. కావున అతని పాదముల క్రింద కొంచెము ఖాళీ విడువుడు.

ఆ బాలుడు వింటున్నచో అతనికొక మనవి. చింపిన కాగితములలో ఒకటైనను మిగిలియున్నయెడల క్రొత్తది తీయవలదు. ఆ ఏడు ముఖములకే కనుబొమలు తుడిచి, మరల గీసి మాకు పంపవలెను.