విరేచనాల్లో పోయిన నీరు, లవణాలు తిరిగి అందిద్దాం



బిడ్డకు విరేచనాలు పట్టుకోగానే "నీళ్లు ఇవ్వకండి, ఇంకా ఎక్కువవుతాయి" అంటారు. దయచేసి ఆ మాట వినకండి. విరేచనాలతో ఒంట్లోని నీరు, సోడియం, పొటాషియం వంటి లవణాలు బయటికి పోతాయి. ప్రాణం మీదికి తెచ్చేది ఆ నష్టమే.

మరి వట్టి నీళ్లు తాగిస్తే చాలదా? చాలదు. అవి ఎక్కువైతే రక్తంలో సోడియం తగ్గి మగత, ఫిట్స్ రావచ్చు. ఓ.ఆర్.ఎస్.లోని గ్లూకోజు సోడియాన్ని పేగు గోడలోంచి లోపలికి తీసుకుపోతుంది. దాని వెంట నీరు కూడా వెళ్తుంది.

1971లో బంగ్లాదేశ్ నుండి వచ్చిన శరణార్థుల శిబిరంలో, పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్‌లో, కలరా వ్యాపించింది. సెలైన్ చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఈ ద్రావణాన్ని డ్రమ్ముల్లో కలిపించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకు తగ్గాయి. ఆ పని మీరూ చేయగలరు.

1. చేతులు సబ్బుతో కడుక్కోండి. పొట్లం మీద రాసినన్ని కాచి చల్లార్చిన నీళ్లలో పొడి మొత్తం ఒకేసారి కలపండి. గ్లాసుకు కొంచెం చొప్పున వేస్తే ఉప్పు ఎక్కువై ప్రమాదం.

2. ప్రతి విరేచనం తర్వాత రెండేళ్లలోపు పిల్లలకు 50 నుండి 100 మి.లీ., పెద్ద పిల్లలకు 100 నుండి 200 మి.లీ. ఇవ్వండి. వాంతి అయితే 10 నిమిషాలు ఆగి, చెంచాతో నెమ్మదిగా మళ్లీ పట్టండి.

3. కలిపిన ద్రావణం 24 గంటలు దాటితే పారబోయండి.

4. తల్లిపాలు ఆపవద్దు. తినే పిల్లలకు గంజి, పప్పుకట్టు, మజ్జిగ పెట్టండి. కూల్‌డ్రింకులు, తీపి పండ్లరసాలు ఓ.ఆర్.ఎస్.కు బదులు కావు.

5. డాక్టరు చెప్పిన మోతాదులో జింక్ 14 రోజులు వాడండి. విరేచనాలు తగ్గాయని మధ్యలో మానవద్దు.

గుండె, కిడ్నీ జబ్బులున్న పెద్దలకు ఎంత ఇవ్వాలో డాక్టరును అడగండి.

కళ్లు గుంటలు పడినా, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే నెమ్మదిగా సర్దుకున్నా, 6 గంటలుగా మూత్రం రాకపోయినా, మలంలో రక్తం పడినా, బిడ్డ మగతగా ఉండి తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

వార్డులో నర్సమ్మ "ఎంత తాగాడు? ఎన్నిసార్లు మూత్రం పోశాడు?" అని పదేపదే అడిగితే విసుక్కోకండి. ఎంత ద్రవం ఎక్కించాలో తేల్చడానికి ఆ లెక్క అవసరం. సెలైన్ వేగం మాత్రం మీరు మార్చవద్దు.

ఈరోజే రెండు పొట్లాలు తెచ్చి ఇంట్లో ఉంచుకోండి. అర్ధరాత్రి విరేచనాలు మొదలైతే తెల్లవారేదాకా ఆగవద్దు. మొదటి చెంచా మీ చేతులతోనే పట్టండి.