మనం కట్టే పన్ను, మనం అడగాల్సిన లెక్క

 

డ్యాన్సుల మధ్యలో వార్డెనమ్మ డబ్బు లెక్కలు చెబుతుందేమిటని కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, కానీ వినండి.

“గిరిజనులు పన్ను కట్టరు, అన్నీ ఊరికే వస్తాయి” అనే మాట కాలేజీలో మీలో చాలామంది వినే ఉంటారు. అది నిజం కాదు. ఆదాయపు పన్ను మినహాయింపు ఈశాన్య రాష్ట్రాల్లోని కొన్ని ప్రాంతాల గిరిజనులకు, లడఖ్ వారికి ఉంది గాని మనకు లేదు. ఆ సంగతి పక్కన పెట్టినా, మీ ఫోన్ రీచార్జికి 118 రూపాయలు పెడితే అందులో 18 రూపాయలు జీఎస్టీయే. తొమ్మిది కేంద్రానికి, తొమ్మిది రాష్ట్రానికి. బండిలో పోసే పెట్రోలు మీద కూడా పన్నే. సంతకు వచ్చే అమ్మ కూడా సబ్బు కొంటే పన్ను కడుతుంది. కాబట్టి హాస్టల్లో మీరు తినే అన్నం ఎవరి దయా కాదు.

మన కొండల్లో పన్ను కథ పాతదే. 1879లో రంప ప్రాంతం తిరగబడడానికి ఒక ముఖ్య కారణం కల్లుగీత మీద వేసిన చిగురుపన్ను. అప్పట్లో పన్ను వేసేవాడిని అడగడానికి మనకు ఓటు లేదు, సభ లేదు. ఇప్పుడు చట్టం లేకుండా ఏ పన్నూ వేయకూడదని రాజ్యాంగం 265వ అధికరణం చెబుతోంది. ఆ చట్టం చేసేది మనం ఓటేసి పంపినవాళ్లే. వేసే ముందు అడగొచ్చు, ఖర్చు పెట్టాక కూడా అడగొచ్చు.

ఏమని అడగాలి? 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. అభివృద్ధి ప్రణాళిక నిధుల్లో మన జనాభా శాతానికి తగ్గకుండా మనకు కేటాయించాలన్నది దాని సారం. 2011 లెక్కల ప్రకారం నేటి ఆంధ్రప్రదేశ్‌లో మనం సుమారు 5.5 శాతం. ఆ చట్టానికి గడువు పదేళ్లే. 2023లో మరో పదేళ్లు పొడిగించారు. అంటే 2033లో మళ్లీ ఇదే ప్రశ్న వస్తుంది. అప్పటికి మీరు ముప్ఫై దాటి ఉంటారు. మాట్లాడాల్సింది మీరే.

ఇందులో ఒక మెలిక ఉంది. అందరికీ చేసే పనుల్లో కొంత భాగాన్ని గిరిజనుల వాటాగా లెక్క కట్టవచ్చు. కాగితం మీద అంకె పెద్దదిగా కనిపిస్తుంది. డోలీ మోసే ఊరికి రోడ్డు మాత్రం పడదు. అందుకే కేటాయింపు ఎంత అని అడిగి ఆగిపోవద్దు. విడుదలైనదెంత, ఖర్చయినదెంత, మన ఊరికి చేరినదెంత అని వరసగా అడగండి.

అడిగే చోటు గ్రామసభ. 1996 పీసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో పనుల ప్రణాళికను గ్రామసభ ఆమోదించాలి. నిధులు సరిగా ఖర్చయ్యాయని పంచాయతీ గ్రామసభ దగ్గరే ధ్రువపత్రం తీసుకోవాలి. మన అనంతగిరి మండలం బొర్రా గనుల మీద వచ్చిన 1997 సమత తీర్పును కూడా చదవండి. లాభాల్లో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు నీళ్లకు, బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు పెట్టాలని సుప్రీంకోర్టు అన్నది.

స్టీల్ ప్లాంటు, పోర్టు పనులకని కొండ దిగి వచ్చిన ఇళ్ల పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు. గ్రామసభలో సభ్యులు ఆ ఊరి ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్లే. ఓటు విశాఖకు మార్చుకుంటే అక్కడ మీకు చెయ్యెత్తే హక్కు ఉండదు. మార్చుకోవడం తప్పు కాదు, తెలిసి మార్చుకోండి. మార్చుకున్నవాళ్లు పండక్కి ఊరెళ్లినప్పుడు ఆ కాగితాలు అమ్మానాన్నలకు మన భాషలో చదివి చెప్పండి. చదవకుండా వేలిముద్ర వేయనివ్వకండి.

ఈ సింహాచలం గుడి గోడల మీద వందల శాసనాలున్నాయి. ఎవరు ఏమిచ్చారో, దేనికిచ్చారో నలుగురికీ కనిపించేలా రాతిమీద చెక్కారు. మన పంచాయతీ గోడ మీద అలాంటి లెక్క ఉందో లేదో ఈసారి ఊరెళ్లినప్పుడు చూడండి. లేకపోతే రాయమని అర్జీ పెట్టండి. అర్జీ రాయడం రాకపోతే హాస్టల్‌కు రండి, కూర్చుని కలిసి రాద్దాం.