ఆప్తవాక్యమేది?

అమీర్‌పేటలో కంప్యూటరు విద్య నేర్చు యువకులు మొదలు పంజాగుట్ట వర్తకుల వరకు నేడు అందరికిని వార్త ఫోనులోనే అందుచున్నది. న్యాయశాస్త్రము అంగీకరించిన నాలుగు ప్రమాణములలో శబ్దమొకటి. అయినను ప్రతి మాటయు ప్రమాణము కాదు. విషయమెరిగి ఉన్నదున్నట్లు చెప్పు ఆప్తుని వాక్యమే ప్రమాణము. వాట్సాప్ సందేశమును మనకు పంపినవారు ఆప్తులే కావచ్చును. దానిని మొదట వ్రాసినదెవరు? పిల్లలను అపహరించువారు తిరుగుచున్నారను వదంతులు వ్యాపించిన 2018 మే నెలలో, మన నగరమందలి చాంద్రాయణగుట్టలో ఒక నిరపరాధిని మూక కొట్టి చంపినది. ఆ జూలైలో, ఒక సందేశమును ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండ భారతదేశమున పరిమితి పెట్టుచున్నట్లు వాట్సాప్ ప్రకటించినది. ఐదుగురికి పంపిన అసత్యమును అసత్యమే కదా! మూలవక్త తెలియని మాటను మన వద్దనే ఆపుదము.