సీతాఫలం, దాని బంధువర్గం



"సీతాఫలం చెట్టు విరగబూస్తుంది, కాయ మాత్రం నాలుగైదే నిలుస్తుంది. కొట్టేద్దామా?" అని అడిగేవారు చాలామంది. కొట్టకండి. తప్పు చెట్టుది కాదు. దాని పుట్టుక అటువంటిది.

హైదరాబాదులో బాలానగర్ అంటే కార్ఖానాల పేట. సీతాఫలం రకానికి పేరిచ్చిన బాలానగర్ అది కాదు, మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. రాతి నేలల్లో, నీరు పెట్టే దిక్కు లేకపోయినా పెరిగి, దసరా దీపావళి రోజులలో గంపలకెత్తే పండు అది. అయినా ఈ చెట్టు పుట్టిల్లు అమెరికా ఉష్ణమండలం.

శాస్త్రజ్ఞులు దీనిని అనోనా ప్రజాతి అంటారు. ఇందులో నూరుకు మించి జాతులున్నవి. చాలావరకు ఆ ఖండపు వేడి అడవులవే. మనదాకా వచ్చినవాటికి మనవాళ్ళు రామాయణం పేర్లు పెట్టి ఇంటివాటిని చేసుకున్నారు. రామాఫలానికి తొక్క నునుపు. సీతాఫలం అంటు కట్టడానికి దాని మొక్క పనికివస్తుంది. లక్ష్మణఫలానికి మెత్తని ముళ్ళు, గుజ్జు పులుపు. తేమ కోరుతుంది, చలికి ఓర్వదు. హనుమాన్ ఫలమనే చెరిమోయా ఆండీస్ కొండల చల్లదనానికి అలవాటుపడినది. మన మైదానాలలో నాటి లాభం ఆశించరాదు. 1908లో ఫ్లోరిడాలో వెస్టర్ అనే ఆయన చెరిమోయాను సీతాఫలంతో సంకరపరచగా అటిమోయా పుట్టింది. దానిని మళ్ళీ సీతాఫలంతో కలిపి బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారు అర్క సహన్ రకాన్ని తీశారు.

ఇక అసలు చిక్కు. సీతాఫలం పువ్వులో ఆడభాగం ముందు పక్వమవుతుంది. పుప్పొడి రాలే వేళకు దాని అదను దాటిపోతుంది. ఒక పువ్వు పొడిని ఇంకొక పువ్వుకు చేర్చేవి చిన్న పెంకుపురుగులు. అవి తక్కువైనా, వడగాలికి కీలాగ్రం ఎండినా పూత రాలుతుంది. అందుకే ఎండలనాటి పూత పోయి, తొలకరి తేమలో పూసినది ఎక్కువ నిలుస్తుంది. పండుమీది ఒక్కొక్క కన్ను ఒక్కొక్క అండాశయం. పొడి ఒకవైపే తగిలితే కాయ వంకర తిరుగుతుంది.

కనుక మీరే ఆ పురుగు పని చేయండి. చల్లని ఉదయం, బాగా విచ్చుకున్న పూల పుప్పొడిని గిన్నెలోకి రాల్చుకోండి. రేకులు కొంచెమే విడిన పువ్వులోపల మెత్తని కుంచెతో చుట్టూ అద్దండి. పెరటిలో ఒక్క చెట్టున్నా ఇది చేయవచ్చును. మొదట పది పూలకు చేసి, గుర్తుకు దారం కట్టి, తక్కిన పూలతో పోల్చి చూడండి.

కళ్ళ మధ్య గీతలు తెల్లబారి విడినప్పుడు కాయ కోయండి. గింజలపొడిని పేలకని తలకు పట్టించవద్దు. కంట్లో పడితే కన్నుకే ముప్పు.

పూత చూసి మురిసి, రాలితే విసిగి గొడ్డలి తీయకండి. ఈసారి కుంచె తీయండి.