వ్యాయామము – దేహభారము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)

నా మిత్రులొకరు మూడు మాసములు ప్రతిదినము ప్రాతఃకాలమున గంటసేపు చెరువుగట్టుపై నడచిరి. బరువు వీసమైనను తగ్గలేదు. శ్రమ వృథాయని నడక మానివేసిరి. ఇట్లేల జరుగును?

గంట నడకకు వ్యయమగు శక్తి సుమారు 200 కెలోరీలు. ఇంటికి వచ్చి, ఆకలిగొని, రెండు గారెలు అధికముగా భుజించినచో ఆ లెక్క చెల్లిపోవును. నడచితిని గదా యని పగలెల్ల పడకకుర్చీని విడువకుండుటయు కలదు! అంతియే కాదు. టాంజానియా దేశమున వేటాడియు, దుంపలు త్రవ్వియు జీవించు హడ్జా జనులను హెర్మన్ పాంట్జర్ అను శాస్త్రజ్ఞుడు సహచరులతో పరిశీలించి 2012లో ఫలితములు ప్రకటించెను. వారు పాశ్చాత్యులకంటె ఎంతో అధికముగా శ్రమించుచున్నను, దేహపరిమాణమును గణించి చూడగా, దినమున వ్యయపరచు శక్తి ఇంచుమించు సమానమే. శ్రమ హెచ్చినపుడు దేహము లోపలి ఇతర వ్యయములను తగ్గించుకొనునని ఆయన అభిప్రాయము.

కావున బరువు తగ్గవలెనన్న ముందు విస్తరివైపు చూడవలెను. అట్లని నడక మానరాదు. బరువు తగ్గకున్నను నడకవలన రక్తపుపోటును, రక్తమందలి చక్కెరయు తగ్గుట కలదు. ఈ సంగతి వినిన పిమ్మట నా మిత్రులు మరల గట్టెక్కిరి. బరువు చూచుకొను యంత్రమును మాత్రము అటకెక్కించిరి.