కార్డు పాయింట్లూ ఇంటి పద్దూ
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దున్నుంచీ అందరూ బడి ముచ్చట్లు చెబుతుంటే నన్ను మాత్రం క్రెడిట్ కార్డుల గురించి మాట్లాడమన్నారు. ముప్పై రెండేళ్లు బ్యాంకులో పనిచేసినవాడికి ఇంకేం అప్పగిస్తారు! అయినా ఇది మనకు పరాయి విషయమేమీ కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. దేశంలో ఆ పని ముందుగా చేసిన కొద్ది బ్యాంకుల్లో అదొకటి. అప్పట్లో ఆ కార్డు జేబులో ఉంటే హోదా. ఇప్పుడు సూపర్ మార్కెట్ గుమ్మంలో కుర్రాళ్లు బల్ల వేసుకుని కూర్చుని, పిలిచి మరీ ఇస్తున్నారు.

కార్డు వాడితే ఇంటి ఖర్చు తగ్గుతుందా అని అడుగుతారు. తగ్గుతుంది. ఎంత అన్నదే చూసుకోవాలి. ముందు ఒక భ్రమ వదిలించుకుందాం. పాయింటు అంటే రూపాయి కాదు. వంద రూపాయల ఖర్చుకు 2 పాయింట్లు అంటారు. వినడానికి రెండు శాతంలా ఉంటుంది. ఆ పాయింటు విలువ పావలా అయితే మనకు దక్కేది అర్ధరూపాయి, అంటే అర శాతం. కార్డు తీసుకునేటప్పుడు ఎన్ని పాయింట్లు అని కాదు, పాయింటుకు ఎన్ని పైసలు అని అడగండి. అమ్మే కుర్రాడు కాస్త తడబడతాడు, పరవాలేదు.

మా ఇంటి లెక్క చెబుతాను. మేమిద్దరం, మా అమ్మ. కిరాణా, కరెంటు బిల్లు, ఫోను, ఇంటర్నెట్, గ్యాసు, అమ్మ మందులు అన్నీ కలిపి నెలకు 24,000 దాకా కార్డు మీద పోతుంది. పాలు, కూరగాయలు, పనమ్మాయి జీతం నగదే. సగటున ఒక శాతం వెనక్కి వస్తుంది. నెలకు 240, ఏడాదికి 2,880 రూపాయలు. ఇప్పటి ధరల్లో మూడు గ్యాసు బండలన్నమాట. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అని నవ్వుతున్నారు కొందరు. నవ్వండి. ఎలాగూ కొనే సరుకులకే, ఒక్క వస్తువు ఎక్కువ కొనకుండా వచ్చిన మూడు బండలు అవి.

ఏ కార్డు మంచిది అని అడిగేవాళ్లను, ముందు మీ ఇంట్లో మూడు నెలల ఖర్చుల కాగితం తెమ్మంటాను. సరుకులు ఆన్‌లైన్‌లో తెప్పించుకునే ఇంటికి నగదు వాపసు ఇచ్చే కార్డు నప్పుతుంది. నెలకు ఇంతకు మించి ఇవ్వమని దానికో పరిమితి ఉంటుంది, అది చూసుకోవాలి. రోజూ యాభై కిలోమీటర్లు బండి మీద తిరిగేవాడికి చమురు కంపెనీతో కలిసి ఇచ్చే కార్డు మేలు. ఎందుకంటే మామూలు కార్డుల్లో చాలావాటికి పెట్రోలు మీద పాయింట్లే రావు, ఒక శాతం సర్‌ఛార్జి మాత్రం మాఫీ చేస్తారు. ఇంటి అద్దె, వాలెట్లో వేసుకునే డబ్బు కూడా చాలా కార్డుల్లో లెక్కలోకి రావు. ఇక ఏడాది ఫీజు. 500 రూపాయల ఫీజుకు పద్దెనిమిది శాతం జీఎస్టీ కలిపితే 590. ఒక శాతం వచ్చే కార్డు మీద 59,000 ఖర్చు పెడితే గానీ ఆ ఫీజు డబ్బే తిరిగి రాదు. ఫీజు మాఫీ అవుతుందని అవసరం లేని టీవీ కొన్నవాళ్లను నేను చూశాను.

కొన్ని దుకాణాల్లో కార్డు అనగానే రెండు శాతం అదనం అంటారు. అక్కడ కార్డు జేబులోనే ఉంచండి. కార్డు యంత్రం లేని చిన్న కొట్టులో అయితే రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకుని స్కాన్ చేయవచ్చు. 2022 నుంచి ఆ వీలుంది. దుకాణాలకే, మనుషులకు పంపడానికి కాదు. పింఛను మీద ఉన్న మాస్టార్లకు కార్డు ఇవ్వరేమో అన్న సందేహం అక్కర్లేదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద చాలా బ్యాంకులు ఇస్తాయి.

ఇక అసలు విషయం. నా దగ్గరికి ఒక రిటైర్డ్ ఉద్యోగి వచ్చేవారు. ఏ నెలా గడువు దాటనివ్వని మనిషి. ఒకరోజు, "పాయింట్లు 3,800 పోగయ్యాయండీ, ఏం చేసుకోమంటారు?" అని సంతోషంగా అడిగారు. స్టేట్‌మెంట్ చూస్తే బకాయి అరవై వేల దగ్గర నిలిచిపోయి ఉంది. ఆయన కట్టేది బిల్లులో 'కనీస మొత్తం' అని రాసినదే. అది కడితే అప్పు తీరినట్టే అనుకున్నారు. నెలకు మూడున్నర శాతం వడ్డీ అంటే 2,100, దాని మీద జీఎస్టీ 378. ఎనిమిది నెలల్లో పందొమ్మిది వేలు దాటిపోయింది. ఆ పాయింట్ల విలువ 950 రూపాయలు. ఆ మాట చెప్పాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "ఇంట్లో చెప్పకండి" అన్నారు చివరికి. డిపాజిట్ ఒకటి రద్దు చేయించి ఆ రోజే మొత్తం కట్టించాను.

బిల్లు పూర్తిగా కట్టకపోతే వడ్డీ గడువు తేదీ నుంచి కాదు, కొన్న రోజు నుంచి పడుతుంది. కొత్తగా కొన్నవాటికీ వడ్డీ లేని రోజులు పోతాయి. మా ఇంటి 24,000 మీద నెల వడ్డీ, జీఎస్టీ కలిపి 991 అవుతుంది. మూడు నెలలు అలా వదిలేస్తే ఏడాది పాయింట్లు తుడిచిపెట్టుకుపోయినట్టే. ఏటీఎంలో ఆ కార్డుతో డబ్బు తీయడం ఇంకా దారుణం, మొదటి రోజు నుంచే వడ్డీ, పైగా ఫీజు. మనకు చక్రవడ్డీ నేర్పిన లెక్కల మాస్టారు ఇక్కడే ముందు వరసలో ఉన్నారు, నేను తప్పు చెబితే ఆపుతారు.

ఇంకొక్కటి, ముఖ్యంగా పెద్దవాళ్లకు. "మీ 5,000 పాయింట్లు ఈ రాత్రికి రద్దవుతాయి, ఈ లింకు నొక్కండి" అని మెసేజి వస్తుంది. బ్యాంకు పేరుతోనే, బొమ్మతో సహా వస్తుంది. నొక్కితే ఫోనులోకి ఒక యాప్ దిగుతుంది, ఆ తర్వాత ఓటీపీలు వాళ్లకే కనిపిస్తాయి. పాయింట్లు మార్చుకోవాలంటే బ్యాంకు సొంత యాప్‌లోకి మీరే వెళ్లండి. ఫోనులో ఎవరికీ ఓటీపీ చెప్పక్కర్లేదు. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

కార్డులున్నవాళ్లు భోజనాలయ్యాక సైన్సు గది వరండాలోకి రండి. ఫోను తెచ్చుకోండి, కళ్లజోడు మరిచిపోకండి. మీ ఆటోపే 'మొత్తం బకాయి' మీద ఉందో, 'కనీస మొత్తం' మీద ఉందో ఇద్దరం కలిసి చూద్దాం. మార్చడానికి రెండు నిమిషాలు పడుతుంది.