కొల్లేటి కోట – వేంగి దిబ్బలు
(పెన్షనర్ల దినోత్సవ సభ, ముదినేపల్లి: ప్రసంగ పాఠం)



ప్రతి డిసెంబరు 17న మనం 1982 నాటి నకారా తీర్పును తలచుకుంటాం, ఆపైన డి.ఏ. బకాయిల దగ్గరికి వస్తాం. ఈసారి కార్యదర్శి గారు వేరే సంగతి చెప్పమన్నారు. సరే, మన కొల్లేటి సంగతే చెబుతాను.

చిన్నతనంలో మా నాయనమ్మతో తాటిదోనె ఎక్కి కొల్లేటికోట పెద్దింట్లమ్మ తీర్థానికి వెళ్లేవాణ్ణి. ఆ కోట లాంగూల గజపతిదని, శత్రువులు ఒడ్డున చిగురుకోటలో దిగి, సరస్సు నీరు సముద్రానికి పోయేలా ఉప్పుటేరు తవ్వించారని, ఆ గొడవలో ఒక సేనాని కన్నకూతురినే బలి ఇచ్చాడని ఆవిడ దోనెలోనే చెప్పేది. పేరంటాల కనమ అన్న పేరు అలా వచ్చిందట. చరిత్ర ఎంతో, కథ ఎంతో గాని, నీళ్లే కోటగోడ అన్న మాట మాత్రం నిజం.

శాసనాల సాక్ష్యం ఇంకా పాతది. నాలుగో శతాబ్దంలో సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభం మీద వేంగి రాజు హస్తివర్మ పేరుంది. 634 నాటి ఐహోళె శాసనంలో రెండో పులకేశి యుద్ధంలో నెత్తురు కలిసిన కునాల జలాల వర్ణన ఉంది. ఆ కునాలం మన కొల్లేరేనని చరిత్రకారులు గుర్తించారు. ఆ తరువాత పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడి వంశం వేంగిని ఏలింది. ఆ వేంగే ఏలూరు దగ్గరి నేటి పెదవేగి. 2022 ఏప్రిల్ నుంచి అదీ మన ముదినేపల్లీ ఒకే జిల్లాలో ఉన్నాయి!

ఇక నా సంగతి. 1977 నవంబరు తుపాను తరువాత రోడ్లకు మట్టి కావలసి వచ్చింది. ఆ రోజుల్లో ఏలూరు వైపు ఒక ఆఫీసులో గుమాస్తాను. ఒక దిబ్బ చూసి రమ్మన్నారు. వెళ్లాను. కాలు పెట్టిన చోటల్లా మూరెడు పొడవు ఇటుకలు. తిరిగి వచ్చి ఫైలులో "నిరుపయోగమైన మెరక, అభ్యంతరము లేదు" అని రాశాను. పై వారు సంతకం చేశారు. తప్పు వారి మీదికి నెట్టను, కళ్లారా చూసినవాణ్ణి నేను. నెల తిరక్కుండా దిబ్బ చదునైపోయింది.

1980వ దశకంలో కేంద్ర పురావస్తు శాఖ వారు పెదవేగిలో తవ్వి పాత ఇటుక కట్టడాలు బయటపెట్టారు. చూడబోతే అవే ఇటుకలు! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా దిబ్బలో ఏముండేదో ఇక ఎవరికీ తెలియదు.

ఆ రోజు సరదాకి ఒక ఇటుక సంచిలో వేసుకుని తెచ్చాను. నలభై ఏళ్లకు పైగా మా పెరట్లో నీళ్ల గాబు కింద ఎత్తుగా ఉంది. మొన్న మనవరాలు "ఇది ఎక్కడిది తాతయ్యా?" అంటే చెప్పక తప్పలేదు. ఇటుకను కడిగి, ఆ దిబ్బ హద్దులు గుర్తున్నంత వరకు కాగితం మీద గీసి పెట్టాను. వచ్చే సోమవారం రెండూ ఏలూరు తీసుకువెళ్లి సంబంధిత శాఖ వారికి ఇస్తాను.

సర్వీసులో మీకూ ఇలాంటివి దొరికి ఉంటే తీసుకురండి. తొమ్మిది గంటలకు బస్సు స్టాపు దగ్గర ఉంటాను. ఇటుక బరువు, ఎవరైనా తోడు వస్తే సంతోషం.